సమాధుల పక్కన పుట్టిన పెళ్లిపాట

ప్లేగు రోజుల్లో ఒక పాదిరి రాసుకున్న పాట అది. నూట ముప్పై ఏళ్ల తర్వాత బాఖ్ చేతుల్లో పడింది. ఈ నాటికీ మూగబోలేదు.

కిటికీ తెరిస్తే ఎదురుగా శ్మశానం.

జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో ఊనా అనే చిన్న పట్టణం. 1597 జూలైలో ఊళ్లోకి ప్లేగు దిగింది. మరుసటి ఏడాది జనవరి దాకా వదల్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. ఒక్కో రోజు ముప్పై దాకా శవాలు వచ్చేవి. పార పట్టుకున్నవాడి చెయ్యి ఆగేది కాదు, చర్చి గంట మోత ఆగేది కాదు. చర్చి పక్క ఇంట్లో ఉండే పాదిరి ఫిలిప్ నికొలాయ్‌కి ఆ ఊరు కొత్త. వచ్చి ఏడాది కూడా నిండలేదు. పేర్లు పూర్తిగా తెలియకముందే ఆ మనుషుల్ని మట్టికి అప్పగించాల్సి వచ్చింది.

పగలంతా చావుల మధ్య తిరిగి వచ్చి, మిగిలిన వేళల్లో ఆయన కాగితం ముందు కూర్చునేవాడు. రాసింది శోకగీతం అయ్యుంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆయన రాసింది పెళ్లిపాట. అర్ధరాత్రి కావలివాళ్లు కేక వేస్తారు. ఊరు మేలుకుంటుంది. దివిటీలు వెలుగుతాయి. పెళ్లికొడుకు వస్తున్నాడు.

ఆ పాట మొదటి మాటలు 'వాఖెట్ అవుఫ్'. మేలుకోండి అని అర్థం. మనకు మేలుకొలుపులు తెల్లవారుజామున పాడతారు. ఈ మేలుకొలుపు మాత్రం నడిరాత్రిది.

మళ్లీ వార్తల్లో బాఖ్

2025 నవంబరు 17న లైప్‌జిగ్‌లోని థామస్ చర్చిలో ఒక విశేషం జరిగింది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ యువకుడిగా ఉన్నప్పుడు కట్టినవని పరిశోధకులు తేల్చిన రెండు ఆర్గన్ రచనలను ఆర్గన్ విద్వాంసుడు టోన్ కోప్‌మన్ అక్కడ వాయించి వినిపించారు. పరిశోధకుడు పీటర్ వోల్నీ 1992లో బ్రస్సెల్స్ గ్రంథాలయంలో ఆ రాతప్రతులను చూశారు. అవి బాఖ్‌వేనని తేల్చడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. ప్రపంచమంతటా పత్రికలు రాశాయి. సంగీతం తెలియనివాళ్లు కూడా ఎవరీ బాఖ్ అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొత్తగా దొరికిన రచనలకన్నా, జనం ఎన్నడూ పోగొట్టుకోని ఒక పాటతో మొదలుపెట్టడం మేలు. బాఖ్ ఎవరో చెప్పడానికి నికొలాయ్ పాటను ఆయన ఏం చేశాడో చూస్తే చాలు. ఏం చెయ్యలేదో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఎదుర్కోలుకు వెళ్లిన పదిమంది

పాటకు ఆధారం మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానం. పదిమంది కన్యకలు పెళ్లికొడుకును ఎదుర్కోడానికి దివిటీలు పట్టుకుని వెళ్లారు. మన ఎదుర్కోలు సన్నాహమే అనుకోండి. పెళ్లికొడుకు రావడం ఆలస్యమైంది. అందరికీ కునుకు పట్టింది. అర్ధరాత్రి, అదుగో వస్తున్నాడని కేక వినపడింది. అయిదుగురి దగ్గర నూనె ఉంది. అయిదుగురి దగ్గర లేదు. లేనివాళ్లు కొనుక్కోడానికి వెళ్లి వచ్చేలోపు తలుపు మూసుకుపోయింది.

ఈ ఉపమానాన్ని భయపెట్టడానికి వాడుకున్న బోధకులు ఎందరో. నికొలాయ్ పాటలో మూసిన తలుపు లేదు. తెరుచుకున్న తలుపే ఉంది, వెలుగుతున్న విందుశాల ఉంది. రోజూ ఇన్ని తలుపులు మూసుకుపోవడం చూస్తున్న మనిషి, కిటికీ అవతల ఉన్నవాళ్లకు ఒక తలుపైనా తెరిచి ఉంచాలనుకున్నాడు. కోవిడ్ రోజుల్లో అంబులెన్సు కూత వినపడితే గుండె జారిన మనలాంటివాళ్లకు ఆ కోరిక విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆయన రాసిన పుస్తకం 1599లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయింది. పేరు 'నిత్యజీవపు ఆనంద దర్పణం'. తాను ప్లేగులో పోతే తాను శాంతితో పోయానని లోకానికి ఆ కాగితాలు చెబుతాయని, బతికితే బాధలో ఉన్న తోటివాళ్లకు అవి ఊరట అవుతాయని ముందుమాటలో రాసుకున్నాడు. బతికాడు. 1601లో హాంబర్గ్ వెళ్లి, 1608లో అక్కడే కన్నుమూశాడు.

పాటలో ఒక చిన్న గుర్తు దాగి ఉంది. మూడు చరణాల మొదటి అక్షరాలను చివరినుంచి వెనక్కి చదివితే 'వాల్డెక్ ప్రభువు' అనే జర్మన్ మాటల తొలి అక్షరాలు వస్తాయి. నికొలాయ్ దగ్గర చదువుకున్న వాల్డెక్ యువప్రభువు విల్‌హెల్మ్ ఎర్నెస్ట్ యౌవనం రాకముందే 1598లో చనిపోయాడు. గురువు తన శిష్యుడి పేరును పాట అంచున కుట్టిపెట్టాడు.

పాడే హక్కు

ఈ పాట ఇంత దూరం ఎలా వచ్చింది? దాని వెనుక మతసంస్కర్త మార్టిన్ లూథర్ ఉన్నాడు.

అంతకుముందు ఆరాధన చాలావరకు లాటిన్‌లో సాగేది. పాడడం పాదిరుల పని, గాయకబృందం పని. ఆరాధనకు వచ్చిన రైతు, కుమ్మరి, కమ్మరి ఎక్కువగా వినేవాళ్లు. లూథర్ వాళ్ల భాషలో వాళ్ల నోటికి పాట అందించాడు. 1524లో లూథరన్‌ల మొదటి పాటల పుస్తకం వచ్చింది. అందులో ఉన్నవి ఎనిమిదే పాటలు, వాటిలో నాలుగు లూథర్‌వి. సామాన్యుడు ఒకటి రెండుసార్లు విని పట్టుకోగల వరుసలు, ఇంటి భాష. అలాంటి పాటకు కోరాల్ అని పేరు స్థిరపడింది.

నికొలాయ్ కోరాల్ ఎంత సులువుగా పట్టుబడుతుందో మన స్వరాల్లోనే చూడొచ్చు. మొదటి పాదం: స గ ప ప ప ప ధ ప. శంకరాభరణం స్వరాలే. సరళీ వరసలు నేర్చిన పిల్లలెవరైనా ఇప్పుడే పాడేస్తారు. మొదటి మూడు స్వరాలు మూడు మెట్లు ఎక్కినట్టు ఉంటాయి, బూర ఊదిన కావలివాడి పిలుపులా. రెండో పాదంలో మాటలు ఎత్తయిన బురుజు గురించి చెబుతాయి. అక్కడ వరుస కూడా పై షడ్జం దాటి తారస్థాయి గాంధారం దాకా ఎక్కుతుంది. మాట ఎక్కడికి ఎక్కితే స్వరం అక్కడికి ఎక్కింది.

---

హాలేలో తెలుగు అక్షరాలు

బాఖ్ కాలానికీ తెలుగుకూ ఒక ముడి ఉంది. లైప్‌జిగ్‌కు ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో హాలే పట్టణం. అక్కడి లూథరన్ మిషన్ కేంద్రం నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరంగంబాడిలోనూ, తర్వాత మద్రాసులోనూ పనిచేసి తెలుగు నేర్చుకున్నాడు. 1743లో జర్మనీ తిరిగి వెళ్లాడు. 1746లో హాలేలో ఆయన తెలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. తెలుగులో మొదటి అచ్చు పుస్తకాలుగా చెప్పేది వీటినే. లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి వాటిలో ఒకటి. అదే 1746లో బాఖ్ పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ అదే హాలేలో పెద్ద చర్చికి ఆర్గన్ విద్వాంసుడిగా చేరాడు. ఒక వీధిలో బాఖ్ కొడుకు ఆర్గన్ వాయిస్తున్న ఏడాదే మరో వీధిలో మన అక్షరాలకు సిరా అంటింది.

---

పదిహేడు మందే పనికొచ్చేవాళ్లు

బాఖ్ 1685లో ఐజెనాఖ్‌లో పుట్టాడు. లూథర్ చిన్నప్పుడు చదివిన బళ్లోనే ఆయనా చదివాడు. ఆ బడిపిల్లలు వీధుల్లో ఇంటింటి ముందూ పాటలు పాడి నాలుగు డబ్బులు తెచ్చుకునేవాళ్లు. మన దగ్గర మాధుకరం చేసి చదువుకున్నట్టే. పదేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అన్న పెంచాడు. 1720లో ఊరినుంచి తిరిగి వచ్చేసరికి భార్య మరియా బార్బరా చనిపోయి ఖననం కూడా అయిపోయింది. తర్వాతి ఏడాది గాయని అన్నా మగ్దలేనాను పెళ్లాడాడు. ఇద్దరు భార్యలకూ కలిపి ఇరవైమంది పిల్లలు. పెరిగి పెద్దయినవాళ్లు పదిమందే. మిగతా పదిమందికీ చిన్న పెట్టెలే చేయించాల్సి వచ్చింది. ఊనా కిటికీ ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

1723లో లైప్‌జిగ్ వచ్చాడు. థామస్ బడిలో సంగీతం చెప్పాలి, నగరంలో ముఖ్యమైన చర్చీలకు పాటలు సమకూర్చాలి. ఆదివారం వస్తే కాంటాటా కావాలి. ఒక కథను కోరస్‌గా, ఒంటరి పాటలుగా, జంటపాటలుగా, పాటకూ మాటకూ నడిమధ్య ఉండే పలుకులుగా నడిపే ఇరవై, ముప్పై నిమిషాల రచన అది. రాయాలి, పుటలు విడదీసి నకళ్లు తీయించాలి, పిల్లలకు నేర్పాలి, ఆదివారం ఉదయం పాడించాలి.

అందుకు మనుషులేరీ? 1730 ఆగస్టు 23న నగర పాలకులకు ఆయన ఒక వినతిపత్రం రాశాడు. బడిలో ఉన్న యాభై నలుగురు విద్యార్థులను లెక్కగట్టి చెప్పాడు: పదిహేడు మంది పనికొస్తారు, ఇరవై మంది ఇంకా తయారు కావాలి, పదిహేడు మంది పనికిరారు. వాద్యగాళ్లు చాలరు, డబ్బు చాలదు. ఇంకో ఊళ్లో ఉద్యోగం చూసిపెట్టమని అదే ఏడాది పాత స్నేహితుడికి ఉత్తరం కూడా రాశాడు.

అలా విసిగిన మనిషి ఏడాది తిరిగేసరికి ఈ కోరాల్‌ను చేతిలోకి తీసుకున్నాడు. అది 1731 నవంబరు 25.

పదకొండేళ్లకు ఒకసారి వచ్చిన ఆదివారం

చర్చి పంచాంగంలో త్రిత్వ పండుగ తర్వాతి ఇరవై ఏడో ఆదివారం అన్ని ఏళ్లూ రాదు. ఈస్టర్ బాగా ముందుగా, మార్చి 27 లోపు వస్తేనే ఆ ఆదివారం ఉంటుంది. పదిమంది కన్యకల కథ చదివేది ఆ రోజే. బాఖ్ లైప్‌జిగ్‌లో ఉన్న ఇరవై ఏడేళ్లలో అది రెండేసార్లు వచ్చింది, 1731లో ఒకసారి, 1742లో ఒకసారి.

అంటే ఈ రచనను మళ్లీ ఎప్పుడు పాడిస్తాడో ఆయనకే తెలియదు. అయినా పనిలో ఎక్కడా చెయ్యి తగ్గలేదు.

ఆ ఉదయాన్ని ఊహించుకోండి. నవంబరు చివరి చలి. వేడి చేసే ఏర్పాటు లేని రాతి చర్చి. ఏడు గంటలకు మొదలయ్యే ఆరాధన పదకొండింటి దాకా సాగేది. ప్రసంగానికి ముందు కాంటాటా. కింద బల్లల మీద వర్తకులూ చేతిపనివాళ్లూ వాళ్ల కుటుంబాలూ. పైన గాయకుల వసారాలో బడిపిల్లలు. పాట కింద కూర్చున్నవాళ్లకు చిన్నప్పటినుంచీ నోటికి వచ్చు. అదే బాఖ్ పట్టుకున్న ఆయువుపట్టు.

జనం పాటను కదపని చెయ్యి

మొదటి కోరస్‌లో తీగవాద్యాలు ఒక పక్క, ఓబోలనే ఊదుడు వాద్యాలు ఒక పక్క సవాలు జవాబుగా నడుస్తాయి. ఊరేగింపు దూరంనుంచి వస్తున్నట్టుగా మూడు లెక్కల నడక. దాని మీదికి పైగొంతు పిల్లలు నికొలాయ్ వరుసను ఎత్తుకుంటారు. ఎంత నెమ్మదిగా అంటే, ఒక్కో స్వరం దాదాపు ఒక్కో ఆవర్తమంత. వాళ్లతోపాటు కొమ్ము వాద్యం అదే వరుసను ఊదుతుంది. కింద మూడు గొంతులూ ఆత్రంగా పరుగులు తీస్తాయి, పిలుస్తాయి, ఒకరినొకరు తట్టి లేపుతాయి. హల్లెలూయా దగ్గరికి వచ్చేసరికి ఒకరి వెంట ఒకరు సంగతుల వరదలో పడిపోతారు. పైన వరుస మాత్రం చెక్కుచెదరదు.

బాఖ్‌కు ఆ వరుసను మార్చే విద్య లేక కాదు. గమకాలతో నింపొచ్చు, ముక్కలు చేసి దాచొచ్చు. బల్ల మీద కూర్చున్న ముసలావిడ తన పాటను తాను గుర్తుపట్టలేని పని ఇక్కడ ఆయన చెయ్యలేదు. తన పాండిత్యాన్నంతా ఆ పాట చుట్టూ పందిరి వేశాడు. పాటను పందిరి మధ్యలో పీట మీద కూర్చోబెట్టాడు.

నాలుగో భాగం ఇంకా ముచ్చట. వయొలిన్లూ వయోలాలూ ఒక్క గొంతుగా కలిసి ఒక వరుస మొదలుపెడతాయి. నడకలో కులుకు, చిన్న చిన్న నిట్టూర్పులు. అదే పాట అనుకుని హాయిగా వింటుంటాం. ఇంతలో టెనర్లు, అంటే పైస్థాయి మగగొంతులవాళ్లు, రెండో చరణంతో ప్రవేశిస్తారు. అది వేరే పాట. రెంటికీ పొంతన లేదు. ఒకటి ఊపిరి తీసుకునే చోట రెండోది మాట మధ్యలో ఉంటుంది. ఒకటి ముగిసే చోట రెండోది మొదలవుతుంది. అయినా ఎక్కడా ఒకదానికొకటి అడ్డుపడవు. పెళ్లి ఊరేగింపూ, దాన్ని చూస్తూ అరుగు మీద కూర్చున్నవాళ్ల పాటా ఒకే వీధిలో సాగినట్టు ఉంటుంది.

---

ఏడు భాగాలు

1. కోరస్: నికొలాయ్ మొదటి చరణం
2. టెనర్ పలుకు: పెళ్లికొడుకు వస్తున్నాడన్న కబురు
3. జంటపాట: ఆత్మ, క్రీస్తు, తోడుగా చిన్న వయొలిన్
4. టెనర్లు: రెండో చరణం
5. బాస్ (కిందిస్థాయి మగగొంతు) పలుకు: పెళ్లికొడుకు ఆహ్వానం
6. జంటపాట: తోడుగా ఓబో
7. అందరూ: మూడో చరణం

మూడు చరణాలూ నికొలాయ్‌వి. మధ్యలో ఉన్న పలుకులూ జంటపాటలూ ఎవరు రాశారో పేరు మిగల్లేదు.

---

పెళ్లికూతురి గొంతు ఒక కుర్రాడిది

మూడో భాగం, ఆరో భాగం జంటపాటలు. ఆత్మ పెళ్లికూతురు, క్రీస్తు పెళ్లికొడుకు. మూడో భాగంలో ఆమె ఎప్పుడొస్తావని అడుగుతుంది, ఆయన వస్తున్నానంటాడు. మామూలు వయొలిన్ కన్నా చిన్నదీ, పైశ్రుతిలో పలికేదీ అయిన ఒక వయొలిన్ వాళ్ల చుట్టూ దీపం వణికినట్టు తిరుగుతుంది. ఆరో భాగంలో ఎదురుచూపు తీరుతుంది. ఇద్దరి గొంతులూ పెనవేసుకుంటాయి. కట్టుబడిలో ఇది ఆనాటి నాటకశాలల ప్రేమపాటలకు ఏమాత్రం తీసిపోదు. మధుర భక్తి ఎరిగిన మన చెవికి ఈ వరస కొత్తేమీ కాదు. జీవుణ్ణి నాయికగా, దేవుణ్ణి నాయకుడిగా పాడిన వాగ్గేయకారులు మనకున్నారు.

లైప్‌జిగ్ చర్చీల్లో ఆడవాళ్లు పాడే ఆచారం లేదు. బాఖ్ భార్య అన్నా మగ్దలేనా రాజాస్థానంలో జీతం తీసుకుని పాడిన గాయని. ఆమె ఈ పాటను చర్చిలో పాడలేదు. పెళ్లికూతురి పాట థామస్ బడిలోని ఒక కుర్రాడి గొంతులో పలికింది. పనికొచ్చే పదిహేడు మందిలో ఒకడై ఉండాలి. వాడి పేరు మనకు తెలియదు. ఆ సంగతులు చూస్తే మాత్రం వాడు ఎంత సాధన చేశాడో తెలుస్తుంది.

చివరి భాగంలో అలంకారాలన్నీ పక్కకు తప్పుకుంటాయి. నాలుగు గొంతులూ, అన్ని వాద్యాలూ కలిసి మూడో చరణాన్ని సూటిగా పాడతాయి. చిన్న వయొలిన్ ఒక్కటే అందరికన్నా పై స్థాయిలో అదే వరుసను వాయిస్తుంది, ముత్తయిదువ చేతిలో ఎత్తిన హారతిలా.

కాగితాలు మిగిలిన కథ

బతికుండగా బాఖ్ అచ్చు వేయించినవి చాలా తక్కువ. వందల కాంటాటాలు రాతప్రతుల్లోనే ఉండిపోయాయి. ఈ పాట నాలుగో భాగాన్ని మాత్రం ఆయన తన చివరి ఏళ్లలో ఆర్గన్‌కు మలిచి, 1748-49 ప్రాంతంలో షూబ్లర్ అనే చెక్కుడు పనివాడి చేత అచ్చు వేయించాడు. ఆరు కోరాల్‌ల ఆ చిన్న పుస్తకంలో మొదటిది ఇదే. కుడిచెయ్యి ఊరేగింపు, ఎడమచెయ్యి నికొలాయ్ పాట, పాదాలు కింది స్వరాల నడక. అంతమంది పని ఒక్క మనిషికి దిగింది. చిన్న ఊరి చర్చిలో ఒక్క ఆర్గన్ ఉంటే చాలు, పాట చేరిపోతుంది.

1750 జూలై 28న బాఖ్ పోయాడు. కళ్లకు రెండుసార్లు జరిగిన శస్త్రచికిత్స ఫలించలేదు. వారసులు కాగితాలు పంచుకున్నారు. ఈ కాంటాటాకు ఆయన స్వహస్తంతో రాసిన మూలప్రతి దొరకలేదు. పాడేవాళ్ల కోసం, వాయించేవాళ్ల కోసం విడివిడిగా రాయించిన పుటలు మిగిలాయి. వాటినుంచే మొత్తం రచన మళ్లీ నిలబడింది. రాసినవాడి ప్రతి పోయి, పాడినవాళ్ల ప్రతులు దక్కాయి. ఈ పాటకు అది తగిన సంగతే.

తర్వాత స్వరకర్త మెండెల్సన్ 1836లో 'పౌలు' అనే తన ఒరటోరియోకు, అంటే బైబిలు కథాగానానికి, ఈ వరుసనే ముంగిలిగా పెట్టాడు.

---

గుంటూరు దారి

లూథరన్ పాదిరి ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. ఆయన వేసిన మొక్కే తర్వాత ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా పెరిగింది. లూథర్ జర్మన్ జనానికి ఇచ్చిన హక్కు ఇక్కడ ఇంకో దారి తొక్కింది. పురుషోత్తమ చౌదరి లాంటి తెలుగు క్రైస్తవ కవులు మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టారు. పల్లె ప్రార్థనలో కంజీర, తాళాలు మోగాయి. పాట జనం భాషలో, జనం వరుసలో ఉండాలన్నది లూథర్ మాట. తెలుగువాళ్లు దాన్ని అక్షరాలా నిజం చేశారు.

---

పాట ఎవరిది?

నికొలాయ్ రాశాడు కాబట్టి ఆయనది అనొచ్చు. అయితే ఆ వరుసలో అంతకుముందు హాన్స్ సాక్స్ అనే చెప్పులు కుట్టే కవి కట్టిన బాణీ పోలికలు ఉన్నాయని పండితులు చూపారు. బాఖ్‌ది అనొచ్చు. ఆయన మాత్రం దాన్ని తనది చేసుకోవడానికి ఒక్క స్వరం కూడా లాక్కోలేదు. ఊనాలో దుఃఖంతో ఉన్నవాళ్లు పాడారు, చలిలో కూర్చున్న లైప్‌జిగ్ వాళ్లు మనసులో కలిపి పాడుకున్నారు. పాట వాళ్లది. గొప్ప కళాకారుడు జనం పాటను చూసి సిగ్గుపడడు. దాన్ని తన భుజాల మీద ఎక్కించుకుని అందరికీ కనపడేలా నిలబెడతాడు. బాఖ్ గొప్పదనం నాకు ఇక్కడే కనపడుతుంది.

ఈ ఆదివారం ఒక అరగంట తీసుకోండి. ఈ రచన కోసం యూట్యూబ్‌లో 'బాఖ్ కాంటాటా 140' అని వెతకండి. తొందరైతే నాలుగో భాగం వినండి, అయిదు నిమిషాలు కూడా పట్టదు. జర్మన్ రాకపోయినా ఫర్వాలేదు. మొదట తీగవాద్యాల వెంట నడవండి. టెనర్లు రాగానే స గ ప అని మనసులో అనుకుని ఆ వరుసను పట్టుకోండి, చివరిదాకా వదలకండి.

తర్వాత మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కీర్తన కావచ్చు, తత్వం కావచ్చు, దంపుడు పాట కావచ్చు, పెళ్లిపాట కావచ్చు. వాళ్లకు నోటికి వచ్చి ఏ పుస్తకంలోనూ లేని పాట ఒకటి ఉంటుంది. దాన్ని పాడించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. బాఖ్ స్వహస్త ప్రతి పోయినా పాట దక్కింది, పాడేవాళ్ల చేతుల్లో పుటలు ఉన్నాయి కాబట్టి. మన పెద్దవాళ్ల పాటలకు ఆ పుటలు కూడా లేవు.